ఉత్తమానికి బహువచనం

మన భాషలో పోలికకు రెండు విభక్తులు ఉన్నవి. ఇద్దరిని పోల్చవలసి వచ్చినప్పుడు “కంటె” అంటాము, అది పంచమి. పదిమందిలో ఒకరిని ఎత్తి చూపవలసి వచ్చినప్పుడు “లో, లోపల” అంటాము; అది షష్ఠి. “సోముని కంటె రాముడు మేలు” అన్నది పంచమీ వాక్యం. “తరగతిలో రాముడు మేలు” అన్నది షష్ఠీ వాక్యం. చిన్నతనంలో విభక్తులు వల్లించిన ప్రతివారికీ ఇవి తెలిసినవే. అయితే పంచమీ వాక్యాలను చాలినన్ని పోగుచేస్తే షష్ఠీ వాక్యం దానంతట అదే వచ్చి నిలుస్తుందని మనకొక గాఢమైన నమ్మకం ఉన్నది. మన పరీక్షలు, పట్టికలు, బహుమతి ప్రదానోత్సవాలు అన్నీ ఆ నమ్మకం మీదనే నడుస్తున్నవి. పంచమి నుంచి షష్ఠికి దారి అన్నివేళలా ఉండదనీ, లేనిచోట ఉన్నట్లు నటిస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుందనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠం చెప్పేవానికి ఈ గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చును. తారతమ్యం అన్న మాటనే చూడండి. సంస్కృతంలో ఇద్దరిలో మిన్నను చెప్పే ప్రత్యయం “తర”; అందరిలో మిన్నను చెప్పే ప్రత్యయం “తమ”. ఆ రెండింటినీ జతకూర్చి కట్టినదే తారతమ్యం. “ఉత్తమ” శబ్దం చివర ఉన్నది కూడ ఆ “తమ”యే. కనుక ఉత్తమం అంటే ఏమి అన్న ప్రశ్న మొదట భాషలో పుట్టినది. గణితశాస్త్రం దానిని తీసుకొని కట్టుదిట్టం చేసినది. ఇటీవలి గణితంలో ఒక శాఖ ఈ ప్రశ్నను చాలా దూరం తీసుకొనిపోయినది. ఆ శాఖ చెప్పే మాట మన పాఠశాలలకు చేరవలసి ఉన్నది.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాము. ఒక తరగతిలో ముగ్గురు విద్యార్థులు ఉన్నారనుకొందాము. వ్యాకరణ పాఠాలకు అలవాటైన పేర్లే పెడదాము. రామునికి గణితంలో 95, తెలుగులో 40 మార్కులు వచ్చినవి. సోమునికి గణితంలో 40, తెలుగులో 95. భీమునికి రెండింటిలోను 66. మొత్తం కడితే రామునికి 135, సోమునికి 135, భీమునికి 132. భీముడు చివరివాడు. ఇందులో సందేహించవలసినది ఏమున్నది అనిపిస్తుంది.

“రెండు విషయాలకు సమానమైన భారం ఇచ్చినారు కనుక ఇట్లు వచ్చినది, భారాలు మార్చి చూడండి” అని ఎవరైనా అనవచ్చును. మార్చి చూద్దాము. గణితానికి ఎక్కువ భారం ఇస్తే రాముడు మొదటికి వస్తాడు. తెలుగుకు ఎక్కువ ఇస్తే సోముడు వస్తాడు. సమానంగా ఇస్తే వారిద్దరి సగటు 67.5. భీముని సగటు మాత్రం ఎట్లు చూచినా 66. అంటే ఏ భారం పెట్టినా రాముడో సోముడో, ఒకరు తప్పకుండ 67.5కు తగ్గకుండ ఉంటారు. భీముడు 66 దాటడు. ఉన్న భారాలన్నీ ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూచినా భీముడు ఒక్కసారి కూడ మొదటివాడు కాలేడు. అయినా, రెండు విషయాలలోను భీముని మించినవాడు ఆ తరగతిలో ఒక్కడూ లేడు. తెలుగులో రాముడు అతనికి చాలడు, గణితంలో సోముడు చాలడు. ఓడించినవాడు లేకుండానే ఓడిపోయిన విద్యార్థి భీముడు.

ఇప్పుడు కొలత మార్చుదాము. ఒక్కొక్కరి రెండు మార్కులలో తక్కువది ఏదో చూచి, ఆ తక్కువ ఎవరిది ఎక్కువగా ఉన్నదో వానిని మొదటివాడందాము. రాముని తక్కువ 40, సోముని తక్కువ 40, భీముని తక్కువ 66. ఇందాక చివర నిలిచినవాడు ఇప్పుడు ముందు నిలిచినాడు. మార్కులు అవే, మనుష్యులు వారే. మారినది మనం అడిగిన ప్రశ్న.

భారాలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో ఎంసెట్ ర్యాంకు కట్టేటప్పుడు ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్మీడియేట్ మార్కులకు 25 శాతం భారం ఇచ్చే పద్ధతి ఉండేది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఆ 25 శాతాన్ని తొలగించినది. ఏ పద్ధతి మంచిది అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఒక ఉత్తర్వుతో ఒకే విద్యార్థి స్థానం ముందుకో వెనుకకో జరుగుతుందన్నది మాత్రం గమనించవలె. ర్యాంకు విద్యార్థి ఒక్కడే వ్రాసినది కాదు. భారం నిర్ణయించినవారి చేవ్రాలు కూడ దాని మీద ఉన్నది.

ఈ సంగతిని మొదట అర్థశాస్త్రంలో స్పష్టంగా నిలిపినవారిలో ముఖ్యుడు విల్ఫ్రెడో పరేటో. 1848లో పుట్టి 1923లో మరణించిన ఈ ఇటలీ పండితుడు స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో అధ్యాపకుడుగా ఉండినాడు. 1906లో వెలువడిన అతని అర్థశాస్త్ర గ్రంథం ఈ భావానికి ఆధారమైనది. ఒక విషయంలో తగ్గకుండ మరొక విషయంలో పెరగడం సాధ్యంకాని స్థితి ఏదో, దానిని పరేటో ఉత్తమం అంటారు. అటువంటి స్థితి ఒక్కటే ఉండనక్కర లేదు. మన తరగతిలో ముగ్గురూ ఆ అర్థంలో ఉత్తములే. మూడు విషయాలు, నాలుగు విషయాలు చేర్చిన కొలది ఉత్తముల సంఖ్య సాధారణంగా పెరుగుతూ పోతుంది. వ్యాకరణం ఏమి చెప్పినా, గణితంలో “ఉత్తమం” అన్న మాటకు బహువచనం తప్పదు.

ఇంతవరకు ఒక్కొక్కరికి ఒక్కొక్క జత అంకెలు ఉన్నవి. లోకవ్యవహారంలో ఆపాటి నిశ్చయం కూడ దొరకదు. మెట్ట రైతును తలచుకొనండి. అతడు పంట ఎన్నుకొనే రోజుకు ఆ ఏటి వాన ఎట్లుంటుందో తెలియదు. అతడు ఎన్నుకొనేది ఒక పంటను. అతని చేతికి వచ్చేది అనేక ఫలితాలలో ఏదో ఒకటి. ఊహకు మూడు పంటలు తీసుకొందాము. ఎకరానికి అయ్యే ఖర్చు వేల రూపాయలలో ఒక అంకె, పెట్టవలసిన తడులు రెండవ అంకె. రెండూ ఎంత తక్కువైతే అంత మంచిది. మొదటి పంటకు వాన కలసివస్తే ఖర్చు 20, తడులు 4. వాన మొగం చాటేస్తే ఖర్చు 30, తడులు 9. రెండవ పంటకు మంచి ఏడు 24, 5. చెడ్డ ఏడు 28, 7. మూడవ పంటకు మంచి ఏడు 18, 8. చెడ్డ ఏడు 26, 12. ఇక్కడ ఒక్కొక్క పంటకు ఎదురుగా నిలిచేది ఒక అంకె కాదు, ఒక జత కూడ కాదు, జతల సమితి. సమితి అన్న మాట విద్యార్థులు పాఠశాల గణితంలో వినే మాటే. ఇట్లు ప్రతి ఎంపికకు ఒక సమితి ఫలితంగా వచ్చే సమస్యలలో మేలైనదానిని వెదకడమే సమితి మూల్య ప్రమేయాల కనిష్ఠీకరణం.

సమితిని సమితితో ఎట్లు పోల్చవలె? వెనుకటి పద్ధతిలో అన్ని సమితుల బిందువులను ఒక్కచోట కుప్పపోసి, ఆ కుప్పలో ఉత్తమ బిందువు ఏ సమితిదో ఆ సమితి నెగ్గినట్లు చెప్పేవారు. అంటే ఒక్క మంచి బిందువు ఉంటే చాలు, తక్కినవి ఎంత చెడ్డవైనా ఆ సమితికి కిరీటమే. ఏడాదిలో ఒక్క పరీక్ష బాగా వ్రాసినవానికి బహుమతి ఇచ్చినట్లుంటుంది ఇది. 1990ల చివరి భాగంలో జపాన్ గణితవేత్త దైషి కురోయివా మొదలైనవారు మొత్తం సమితిని మొత్తం సమితితో పోల్చే క్రమాలను ప్రతిపాదించినారు. వాటిలో రెండు మనకు చాలును.

మొదటిది ఆశావాది క్రమం. రెండవ పంట ఇచ్చే ప్రతి ఫలితానికి, దానికి తీసిపోని ఫలితం మొదటి పంటలో ఒకటైనా ఉంటే మొదటి పంట మేలు అంటుంది అది. చూడండి: 24, 5 అన్నదానికి 20, 4 ఉన్నది. 28, 7 అన్నదానికీ అదే 20, 4 ఉన్నది. కనుక మొదటి పంట మేలు. రెండవది జాగ్రత్తపరుని క్రమం. రెండవ పంటలోని ప్రతి ఫలితం కంటె చెడ్డ ఫలితం మొదటి పంటలో ఉంటే రెండవ పంట మేలు అంటుంది అది. 24, 5 కంటె 30, 9 చెడ్డది. 28, 7 కంటె కూడ 30, 9 చెడ్డది. కనుక రెండవ పంట మేలు. అంకెలు మారలేదు, కూడికలో పొరపాటు లేదు, తర్కంలో లోపం లేదు. తీర్పు మాత్రం తలక్రిందులైనది. ఇక మూడవ పంట ఏ క్రమంలోను తక్కిన రెంటితో పోల్చడానికే వీలులేకుండ నిలిచిపోతుంది. ఖర్చు తక్కువ, నీరు ఎక్కువ. ఆశావాదికి మొదటిది, మూడవది మిగులుతవి. జాగ్రత్తపరునికి రెండవది, మూడవది మిగులుతవి.

ఇందులో ఏ క్రమం సరియైనదని గణితాన్ని అడిగితే జవాబు రాదు. బావిలో నీరున్న ఆసామికి ఒకటి తగును. అప్పు తెచ్చి విత్తనం కొన్న కౌలుదారునికి మరొకటి తగును. ఒక్క చెడ్డ ఏడు వస్తే తట్టుకోగలనా లేదా అన్నది కౌలుదారు తన ఇంటిని, తన అప్పును చూచుకొని నిర్ణయించవలసిన సంగతి. ఆ నిర్ణయం అయిన తరువాతనే లెక్క మొదలవుతుంది.

లెక్క ఎట్లు జరుగుతుందో కూడ చూద్దాము. మూడు పంటలైతే వేళ్ళ మీద తేల్చవచ్చును. ఎంపికలు లెక్కకు మించినప్పుడు ఒక క్రమవిధానం కావలె. దానినే అల్గోరిథమ్ అంటారు. నీరు పల్లమెరుగు అన్నది మన సామెత. 1847లో ఫ్రెంచి గణితవేత్త ఆగస్టిన్ కోషీ చెప్పిన పద్ధతి నీటి పద్ధతియే. నిలుచున్నచోట వాలు ఎటున్నదో చూడు, అటు కొద్దిగా దిగు, మళ్ళీ చూడు, మళ్ళీ దిగు. ఖగోళశాస్త్రంలోని పెద్ద సమీకరణాలను సాధించడానికి అతడు దీనిని సూచించినాడు. వాలును చెప్పే రాశిని మన తెలుగు పాఠ్యపుస్తకాలు ప్రవణత అంటున్నవి. ఇది ప్రవణత పద్ధతి.

ఈ పద్ధతికి నేల నునుపుగా ఉండవలె. దారిలో మడతలు, గట్లు ఉంటే వాలు ఎటో చెప్పడానికి వీలుండదు. ఇక్కడ ఫ్రెంచి గణితవేత్త జాన్ జాక్ మొరో 1962లో ప్రవేశపెట్టిన సామీప్య భావన అక్కరకు వచ్చినది. తరువాతి దశాబ్దాలలో ఆ రెండింటినీ కలిపి సమస్యను రెండు భాగాలు చేసినారు. నునుపైన భాగం ఒకటి, మడతలున్న భాగం ఒకటి. నునుపైన భాగం వాలును బట్టి మొదట ఒక అడుగు వేస్తారు. ఆ పిమ్మట మడతల భాగాన్ని తగ్గించుకొంటారు, కాని చేరిన చోటి నుంచి దూరం పోకుండ. ఎంత దూరం పోతే అంత జరిమానా అన్నమాట. దీనిని సామీప్య ప్రవణత పద్ధతి అనవచ్చును.

తెలుగు ఉపాధ్యాయులకు ఈ రెండవ అడుగు కొత్తది కాదు. విద్యార్థి వ్రాసిన వాక్యం తప్పుగా ఉన్నది. దానిని కొట్టివేసి మన వాక్యం వ్రాసిపెట్టడం ఒక పద్ధతి. వ్యాకరణం ఒప్పుకొనే వాక్యాలలో పిల్లవాడు వ్రాసినదానికి అన్నిటికంటె దగ్గరగా ఉన్న వాక్యం ఏదో చూచి, అంతమేరకే దిద్దడం రెండవ పద్ధతి. మంచి ఉపాధ్యాయుడు రెండవదే చేస్తాడు. మడతల భాగం దాటకూడని గట్టు మాత్రమే అయినప్పుడు సామీప్యపు అడుగు సరిగా ఇదే: గట్టు లోపలి నేలలో అతి దగ్గరి చోటికి తీసుకొనిరావడం.

విద్యార్థులు స్వయంగా చేసి చూడదగిన లెక్క ఒకటి చెబుతాను. సంఖ్యారేఖ మీద ఒక బిందువును వెదకుతున్నాము. అది 5కు దగ్గరగా ఉండవలె. 5 నుంచి ఉన్న దూరపు వర్గంలో సగం దానికి ఖర్చు. సున్న నుంచి ఎంత దూరమైతే అంత సుంకం కూడ చెల్లించవలె. మొదటిది నునుపైన భాగం. రెండవదానికి సున్న దగ్గర మడత ఉన్నది. సున్న నుంచి బయలుదేరుదాము. అడుగు పరిమాణం సగం. 5 వైపు ఉన్న దూరంలో సగం నడిస్తే 2.5 వస్తుంది, సుంకం కొరకు సగం వెనుకకు లాగితే 2. మళ్ళీ నడిస్తే 3.5, లాగితే 3. మళ్ళీ 4, లాగితే 3.5. మళ్ళీ 4.25, లాగితే 3.75. ఇట్లు 4 వైపు చేరుతూ పోతాము. 4 వద్ద మొత్తం ఖర్చు 4.5. 3 వద్ద 5, 5 వద్ద కూడ 5. కనుక 4 సరియైన చోటు. గమ్యం 5 బదులు 0.6 అయితే ఏమవుతుందో చేసి చూస్తే బిందువు సున్న దగ్గరనే ఉండిపోతుంది. చిన్న కోరిక సుంకానికి ఓర్చుకోలేదు.

ఈ చిన్న గుణమే పెద్ద పనులకు పనికివచ్చినది. 2007లో లస్టిగ్, డోనహో, పాలీ అనే పరిశోధకులు తక్కువ కొలతలతో ఎం.ఆర్.ఐ. చిత్రాన్ని నిర్మించవచ్చునని చూపినారు. అటువంటి సమస్యలో రెండు భాగాలు ఉన్నవి. చిత్రం కొలతలకు సరిపోవలె. అది నునుపైన భాగం. అనవసరమైన అంశాలు సున్న కావలె. అది మడతల భాగం. ఈ తరగతి సమస్యలకు సామీప్య ప్రవణత పద్ధతి బాగా వాడుకలోకి వచ్చినది. రోగి యంత్రంలో కదలకుండ పడుకోవలసిన నిమిషాలు తగ్గడానికి ఇటువంటి గణితం తోడ్పడినది.

లక్ష్యం ఒక్కటి కాక పది అయినప్పుడు ఏమి చేయవలె? అన్ని లక్ష్యాలూ ఒక్కసారి మెరుగుపడే దిక్కు ఉన్నదేమో చూడవలె. ఉంటే అటు నడవవలె. ఎటు కదలినా ఏదో ఒకటి మెరుగుపడకుండ పోయే చోటికి వచ్చినప్పుడు ఆగవలె. 2000లో ఫ్లీగే, స్వైటర్ అనేవారు ప్రవణత పద్ధతిని ఇట్లు విస్తరించినారు. 2019లో తనాబె, ఫుకుదా, యమషితా సామీప్య ప్రవణత పద్ధతిని బహుళ లక్ష్యాలకు తెచ్చినారు. 2021లో బౌజా, క్వింతానా, టామర్ ఒక్కొక్క ఎంపికకు పరిమిత సంఖ్యలో ఫలితాలు ఉన్న సమితి సమస్యలకు వాలు వెంట దిగే పద్ధతిని కట్టినారు. మన రైతు లెక్క అటువంటిదే. వారు ఎన్నుకొన్నది ఆశావాది క్రమం. ఆ సంగతిని వారే స్పష్టంగా చెప్పినారు. ఈ రెండు ధారలను కలిపి సమితి సమస్యలకు సామీప్య ప్రవణత పద్ధతులు కట్టడం సహజంగా వచ్చే తరువాతి అడుగు.

ఈ పద్ధతులన్నిటిలో ఒక వినయం ఉన్నది. అవి అందరికీ మేలైన అడుగు ఉన్నంతవరకే నడుస్తవి. అటువంటి అడుగు లేనిచోట ఆగి, “ఇంతవరకే నా పని” అంటవి. బయలుదేరిన చోటు మారితే చేరే చోటు కూడ మారవచ్చును. చేరినచోటు ఉత్తమాలలో ఒకటి అంటవే గాని, ఉత్తమం ఇదొక్కటే అనవు. క్యాన్సర్‌కు కిరణ చికిత్స చేసేటప్పుడు కణితికి చాలినంత కిరణం తగలవలె, పక్కనున్న అవయవాలకు వీలైనంత తక్కువ తగలవలె. రోగి ఊపిరి తీసిన కొలది ఊపిరితిత్తులలోని కణితి కొద్దిగా కదలుతుంది కూడ. కనుక ఒక పథకానికి ఒకే ఫలితం ఉండదు. యంత్రం అనేక పథకాలను ముందు పెట్టడం, వాటిలో ఒకదానిని వైద్యుడు ఎన్నుకొనడం అన్న విధానం నేడు వాడుకలో ఉన్నది. ప్రాణం మీదికి వచ్చిన చోట కూడ గణితం తుది మాట తనది అనడం లేదు. ముగ్గురు పిల్లల మార్కులు కూడి తుది మాట చెప్పినామని మనం ఎట్లు అనుకొంటున్నాము?

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదం ఉన్నది. సీట్లు వంద, కోరేవారు వేయిమంది. అందరూ ఉత్తములే అని కూర్చొంటే ఎవరికి ఇవ్వవలె? ఏదో ఒక వరుస లేకపోతే పైరవీలకు తలుపు తెరచినట్లే కదా? ఈ మాటను తోసిపుచ్చలేము. వరుస అవసరమైన చోట్లు ఉన్నవి. అంకె కట్టిన వరుస మనుష్యుల ఇష్టాయిష్టాల కంటె ఎన్నో సందర్భాలలో న్యాయమైనది కూడ. కాని వరుస కట్టడం వేరు, అది సత్యమని చాటడం వేరు. “ఈ సీట్ల పంపకం కొరకు ఈ భారాలు పెట్టుకొన్నాము” అంటే అది నిజాయితీ. “ఇతడు తరగతిలో ఉత్తముడు, అతడు మూడవవాడు” అంటే అది లెక్కలో లేని మాటను లెక్క నోట పలికించడం. సీట్ల పంపకానికి అవసరమైన వరుసను ఆరవ తరగతి ప్రగతి పత్రంలోకి, ప్రార్థన సమావేశంలోకి, ఇంటి భోజనాల దగ్గరికి తీసుకొనిరావడం ఏ అవసరమూ కోరనిది.

ఉపాధ్యాయ మిత్రులు చేయగలిగినవి మూడు ఉన్నవి. మొదటిది, ఏడాదిలో ఒక్కసారైనా ఒకే జవాబు లేని లెక్క ఇవ్వడం. పైన చెప్పిన మూడు పంటల లెక్క ఎనిమిదవ తరగతి పిల్లలు కూడ చేయగలరు. సగం తరగతి ఆశావాదులై, సగం తరగతి జాగ్రత్తపరులై వాదించుకొంటే, రెండు పక్షాలూ తప్పు చేయకుండానే వేరువేరు జవాబులకు చేరగలవని వారికి తెలుస్తుంది. రెండవది, వరుస కట్టక తప్పనప్పుడు ఏ భారంతో కట్టినామో పిల్లలకు ముందుగా చెప్పడం. మూడవది, వరుస అవసరం లేనిచోట మొత్తం కట్టకుండ, ఆయా విషయాల అంకెలను అట్లే విడివిడిగా ఉంచడం. వీటిలో దేనికీ ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర లేదు.

ఈ పాఠం తెలుగులో చెప్పడానికి వీలవుతుందా అన్న శంక వద్దు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన మన సాహిత్యపు తొలి శతాబ్దాలలోనే తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల గణితానికి కావలసిన పరిభాషను సమకూర్చినది. సమితి, ప్రమేయం, ప్రవణత అన్న మాటలు మన దగ్గర ఉన్నవి. లేనివి ఉంటే నీరు, గట్టు, వాలు, తడి అన్నవి ఎప్పటి నుంచో ఉన్నవి. మాటల కొరత లేదు. “ఉత్తమం” అన్న పదాన్ని ఏకవచనంలో తప్ప పలుకనీయని అలవాటు ఒక్కటే అడ్డు.

ఆ అలవాటుకు మూల్యం చెల్లిస్తున్నది భీముడు. అతడు ప్రతి పాఠశాలలోను ఉన్నాడు. ఏ ఒక్క విషయంలోను మొదటివాడు కాడు కనుక బహుమతి రాదు, దేనిలోను వెనుకబడడు కనుక ప్రత్యేక శ్రద్ధ రాదు. ఇంటికి తీసుకొనిపోయే పత్రం మీద ఎప్పుడూ మూడవ స్థానమే. రెండు విషయాలు కలిపి చూస్తే తనను మించినవాడు తరగతిలో లేడని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట గణితశాస్త్రం చెబుతున్నది. దానిని అతని చెవిన వేయడం ఉపాధ్యాయుల వంతు.